ఇంట్లో అందరూ ముక్క తింటుంటే మీరొక్కరే మానెయ్యడం ఎలా

మాది భీమవరం పక్కన పల్లెటూరండి. చుట్టూ చేపల చెరువులు, రొయ్యల చెరువులు, సంక్రాంతికి కోడి పందేలు, ఆదివారం పొద్దున్న పదింటికల్లా వీధి మొత్తం మసాలా వేగుతున్న వాసన. అలాంటి ఊళ్ళో, అలాంటి ఇంట్లో ఉండి నేను 2020 కార్తీక మాసంలో మాంసం మానేశా, ఇప్పటికీ అదే ఇంట్లో అదే టేబుల్ మీద, చేపల పులుసు గిన్నె పక్కనే కూర్చుని తింటున్నా. ఎందుకు మానేశానో ఇక్కడ రాయను, మీ కారణం మీకుంటుంది, జంతువుల మీద జాలి కావచ్చు, కొలెస్ట్రాల్ కావచ్చు, ఊరికే తినబుద్ధి కాకపోవచ్చు. ఎలా అనేది మాత్రం చెప్తా, ఎందుకంటే నాకు ఎవరూ చెప్పలేదు, అన్నీ తగిలించుకుని నేర్చుకున్నా.

ముందు ఒక విషయం ఒప్పేసుకుందాం. 2014 లో, జనాభా లెక్కలు చూసే రిజిస్ట్రార్ జనరల్ వాళ్ళు చేసిన సర్వేలో 15 ఏళ్ళు దాటినవాళ్ళలో నాన్‌వెజ్ తినేవాళ్ళు ఆంధ్రాలోనూ తెలంగాణలోనూ 98 శాతం పైనే. అంటే మీ ఇంట్లోవాళ్ళు వింత మనుషులేం కాదు, వింత మీరే. ఇది బుర్రలో పెట్టుకుంటే సగం గొడవలు మొదలవ్వకముందే ఆగిపోతాయి.

మొదటి పని: మీ గిరి మీరు గీసుకోండి

ఇంట్లో చెప్పకముందే మీకు మీరు తేల్చుకోవాల్సినవి కొన్ని ఉన్నాయి. గుడ్డు తింటారా? కేకులో గుడ్డు పర్లేదా? పాలు, పెరుగు, నెయ్యి సంగతి? ముక్కలు తీసేసి పులుసు మాత్రం వేస్తే తింటారా? చికెన్ వేపిన నూనెలో వేపిన అప్పడం? ఇవన్నీ ఫోన్‌లో నోట్స్‌లో రాసుకోండి, నవ్వులాటగా అనిపించినా సరే. ఎందుకంటే అమ్మ మొదటిరోజే అడిగేది ఇదే, "మరి గుడ్డో?" అని, అప్పుడు మీరు "ఆ... అంటే... చూద్దాం" అన్నారా, ఇంక అయిపోయినట్టే, రేపు చేప కూడా చూద్దామే అవుతుంది.

నేనైతే మొదటి ఏడాది గుడ్డు ఉంచుకున్నా. కొంతమంది దాన్ని మోసం అంటారు, అననివ్వండి. గుడ్డు ఉంటే అమ్మకి కంగారు తగ్గింది, "పోన్లే గుడ్డయినా తింటోంది పిల్ల" అని చుట్టాలకి తనే సర్ది చెప్పేది. ఏడాది తిరిగేసరికి గుడ్డు దానంతటదే పోయింది, ఎవరూ గమనించలేదు కూడా. కానీ పులుసు విషయంలో మాత్రం మొదటిరోజు నుంచే ఖచ్చితంగా ఉండండి. "ముక్కలు వద్దులే, గ్రేవీ వేసుకో" అనేది మనిళ్ళల్లో ప్రేమగా అనే మాటే, కానీ ఒకసారి ఒప్పుకుంటే మీకంటూ విడిగా కూర వండాలన్న ఆలోచన ఆ ఇంట్లో ఎవ్వరికీ ఎప్పటికీ రాదు.

రెండో పని: మానేసే ముందే రక్తపరీక్ష

ఇది ఎవరూ చెప్పరు, నేను చెప్తున్నా. మానేసిన మూడు నెలలకి మీకు జలుబు చేసినా, జుట్టు రాలినా, బస్సులో కళ్ళు తిరిగినా, అన్నిటికీ ఒకటే కారణం చెప్తారు, "ముక్క మానేసింది కదా". అందుకని మానకముందే హిమోగ్లోబిన్, ఫెరిటిన్ (ఒంట్లో ఐరన్ నిల్వ ఎంతుందో చెప్పేది), బీ12, విటమిన్ డి చేయించుకుని ఆ కాగితం దాచుకోండి. నాకు మాంసం, చేపలు ఫుల్లుగా తింటున్న రోజుల్లోనే హిమోగ్లోబిన్ 10.4 ఉంది, ఆడవాళ్ళకి 12 కంటే తక్కువుంటే రక్తహీనత కిందే లెక్క. ఆ రిపోర్ట్ నాకు ఎన్ని వాదనల్లో పనికొచ్చిందో చెప్పలేను. ప్రెగ్నెన్సీ ఉన్నా, షుగర్, కిడ్నీ లాంటివి ఏమున్నా డాక్టర్‌తో మాట్లాడాకే మొదలుపెట్టండి, ఇక్కడ మాత్రం నా మాట కాదు వాళ్ళ మాట.

మూడు: టైం చూసుకుని మొదలుపెట్టండి

మన ఇళ్ళల్లో శాకాహారం తెలియక కాదు. శనివారం ముట్టరు, కొంతమంది సోమవారం ముట్టరు, శ్రావణంలో కొందరు, కార్తీకంలో చాలామంది నెలంతా ముట్టరు. ఇంట్లో ఎవరైనా అయ్యప్ప మాల వేసుకుంటే 41 రోజులు విడి గిన్నెలు, విడి గరిటె, పొయ్యి కడిగి వంట, అన్నీ అమ్మకి కంఠతా వచ్చు. మా బాబాయ్ మాల వేసుకున్న ఏడాది ఇల్లంతా ఆ పద్ధతికి రెండు రోజుల్లో మారిపోయింది, ఎవరూ గొణగలేదు. అంటే చెయ్యలేక కాదండి, దేవుడి పేరు లేకుండా చెయ్యడం అనేదే వాళ్ళకి అర్థం కాదు.

కాబట్టి ఇంట్లో అందరూ ఎలాగూ మానేసే నెలలో మొదలుపెట్టండి, కార్తీకం బెస్ట్. మొదటి ముప్పై రోజులు ఎవరూ మిమ్మల్ని ఏమీ అడగరు, మీకు వంటలు అలవాటవుతాయి, నాలుక సర్దుకుంటుంది. అసలు పరీక్ష పోలి స్వర్గం దీపాలు వదిలిన మర్నాడు, ఇల్లంతా నెల ఉపవాసం ఉన్నట్టు చికెన్ షాపు మీద పడతారు చూడండి, మీ పని మొదలయ్యేది ఆరోజే.

సంక్రాంతి ముందు మాత్రం పొరపాటున కూడా మొదలెట్టొద్దు. తెలంగాణ వైపు వాళ్ళైతే దసరా ముందు, బోనాల ముందు వద్దు. పండగ పూట వద్దంటే అది తిండి గొడవ కాదు, పండగ పాడుచేసిన గొడవ అవుతుంది.

చెప్పడం ఎలా, అసలు ఏం చెప్పాలి

నేను చేసిన తప్పు చెప్తా, మీరు చెయ్యకండి. కార్తీకం అయిపోయింది, ఆదివారం వచ్చింది, నాకొద్దు అన్నా. నానమ్మ కళ్ళద్దాలు పైకి తోసుకుని "ఎవరికి మొక్కుకున్నావే?" అంది. నాకు బయటపడే దారి దొరికినట్టయి "అవును నానమ్మా, మొక్కే" అనేశా. అంతే, ఆ రోజు నుంచి ఎంత గౌరవమో, నా కంచం ఎవరూ ముట్టుకోరు, నానమ్మే స్వయంగా నాకు విడిగా పప్పు పెట్టించేది. రెండు నెలలకి తమ్ముడికి ఉద్యోగం వచ్చింది. నానమ్మ ఏమనుకుందంటే నేను వాడి ఉద్యోగం కోసమే మొక్కుకున్నానని, "మొక్కు తీరిందిగా తల్లీ" అని నాటుకోడి కోయించి, తొడ ముక్క తెచ్చి నా కంచంలో వేసింది. అప్పుడు నిజం చెప్పాల్సొచ్చింది, తినకపోవడం కంటే అబద్ధం చెప్పినందుకు ఎక్కువ బాధపడింది, వారం రోజులు నాతో సరిగ్గా మాట్లాడలేదు. కాబట్టి మొక్కు అని మాత్రం చెప్పకండి, నిజంగా మొక్కుకుంటే తప్ప.

మరి ఏం చెప్పాలి? ఒక్క ముక్కలో చెప్పండి. "నాకు తినాలనిపించట్లేదమ్మా, మానేస్తున్నా, నా కూర నేను చేసుకుంటా." ఇందులో మూడో మాటే ముఖ్యం. అందరి ముందూ, భోజనాల దగ్గర ప్రకటన చెయ్యొద్దు, వంటింట్లో అమ్మ ఒక్కతే ఉన్నప్పుడు చెప్పండి, నాన్నకి అమ్మే చెప్పుకుంటుంది. కారణాలు అడిగితే చిన్నగా చెప్పండి, వీడియోలు చూపించొద్దు, కోళ్ళఫారాల గురించి లెక్చర్ అస్సలొద్దు, ముఖ్యంగా వాళ్ళ చేతిలో ముద్ద ఉండగా.

ఇంకోటి, నోరు జాగ్రత్త. మన దగ్గర శాకాహారం అంటే ఒక్క తిండి విషయమే కాదు, కులం విషయం కూడా. మీరు మానేశారని తెలియగానే "ఏంటి, పంతులుగారివి అయిపోయావా?" అంటారు, మా తమ్ముడు నాకు ఆ పేరే ఖాయం చేశాడు. నవ్వేసి ఊరుకోండి. కానీ మీరు మాత్రం "నీచు" అనే మాట వాడకండి. మన భాషలో మాంసానికి, చేపకి వచ్చే వాసనకి ఆ పేరు ఎవరు పెట్టారో గానీ, నిన్నటిదాకా మీరూ తిన్న కూరని, అమ్మ చేత్తో వండిన కూరని ఆ మాట అంటే అది ఇంట్లోవాళ్ళకి ఎలా తగులుతుందో ఆలోచించండి. వాసన పడకపోతే "వాసన పడట్లేదు" అనండి చాలు. శుద్ధం, పవిత్రం, సాత్వికం లాంటివి కూడా వద్దు.

ఇక వంటింట్లోకి రండి, అసలు కథ ఇక్కడే

ఇంట్లో వ్యతిరేకత చాలావరకు సిద్ధాంతం కాదండి, పని. ఒక పొయ్యి మీద రెండు కూరలు ఎవరు వండుతారు అనేదే. పొద్దున్నుంచి చాకిరీ చేసే అమ్మకి మీ ఆదర్శం ఇంకో గిన్నె తోమడం అవుతోంది, అంతే కదా. ఈ ఒక్కటి సెట్ చేసుకుంటే మిగతావి వాటంతటవే సెట్ అవుతాయి.

నేను కనిపెట్టిన పద్ధతి, దీన్ని మాత్రం తప్పకుండా ట్రై చేయండి. కోడికూర అయినా మటన్ అయినా మొదట సగం వంట శాకాహారమే. ఉల్లిపాయలు ఎర్రగా వేగుతాయి, అల్లం వెల్లుల్లి ముద్ద పడుతుంది, పసుపు, కారం, ధనియాలు, గసగసాలు, ఎండుకొబ్బరి నూరిన ముద్ద పడుతుంది, నూనె పైకి తేలుతుంది. ముక్కలు పడేది ఆ తర్వాతే. కాబట్టి ముక్కలు పడకముందు, నూనె తేలిన ఆ క్షణంలో, నాలుగు గరిటెలు మసాలా మీ మూకుడులోకి తీసేసుకోండి. పక్క పొయ్యి మీద దాంట్లో మీ ముక్కలు మీరు వేసుకోండి, మీల్ మేకరో, పనసకాయో, పుట్టగొడుగులో, ఉడకబెట్టిన బొబ్బర్లో. అమ్మకి ఎక్స్‌ట్రా పని రెండు నిమిషాలు కూడా కాదు, రుచి మాత్రం ఆదివారం రుచే, ఎందుకంటే మీకు ఇన్నాళ్ళూ నచ్చింది చాలావరకు ఆ మసాలానే. అల్లం వెల్లుల్లి ముద్ద ముక్కలకి పట్టించిన చేత్తోనే తీసిందా, గరిటె మారిందా అనేది మీరే చూసుకోవాలి, ఒకటికి రెండుసార్లు చెప్తే చాలు, తర్వాత అలవాటైపోతుంది.

చేపల పులుసు కూడా అంతే. చింతపండు పులుసు, ఉల్లిపాయ, పచ్చిమిర్చి, మెంతిపొడి పడి తెర్లుతున్నప్పుడు, చేప దిగకముందు ఒక గిన్నె విడదీయండి, అందులో వేపిన బెండకాయలో, ములక్కాడలో, ఉడికించిన చేమదుంపలో వేసి పది నిమిషాలు మగ్గనివ్వండి. మర్నాటికి ఇంకా బావుంటుంది, అచ్చం చేపల పులుసులాగే.

మీల్ మేకర్ గురించి చాలామంది కంప్లైంట్, "ఏదో వాసన, స్పాంజి తిన్నట్టుంది" అని. సరిగ్గా కడగకపోవడం వల్ల అలా ఉంటుంది. మరుగుతున్న ఉప్పునీళ్ళల్లో పది నిమిషాలు ఉంచండి, వార్చి చన్నీళ్ళు పోసి రెండు చేతులతో గట్టిగా పిండండి, నురగలాంటి నీళ్ళు వస్తాయి, మళ్ళీ నీళ్ళు పోసి మళ్ళీ పిండండి, నురగ పోయేదాకా. ఆ తర్వాత పెరుగు, కారం, అల్లం వెల్లుల్లి పట్టించి అరగంట వదిలేసి, నూనెలో అంచులు ఎర్రబడేదాకా వేపి అప్పుడు మసాలాలో వెయ్యండి. పిండకుండా డైరెక్టుగా కూరలో వేస్తే ఆ కూర కుక్క కూడా ముట్టదు, నేను చేసి చూశా.

చేపల వేపుడు మీద మనసు పోతే కంద ఉంది. అరకిలో కంద, చేతులకి నూనె రాసుకుని చెక్కు తియ్యండి, లేకపోతే దురద. అరంగుళం మందం చక్రాల్లా కోసి, చింతపండు, ఉప్పు, పసుపు వేసిన నీళ్ళల్లో ఉడికించండి, చింతపండు మర్చిపోతే గొంతు కూడా దురదే. చాకు గుచ్చితే దిగాలి కానీ ముక్క విరగకూడదు, అక్కడ ఆపండి. ఆరబెట్టి, చేపలకి పట్టించే మసాలానే పట్టించి, పైన కాస్త బియ్యప్పిండి చల్లి, పెనం మీద సన్నసెగన రెండువైపులా వేపండి, చివర్లో కరివేపాకు, నిమ్మకాయ. మా నాన్న మొదటిసారి చూసి "ఇదేంటి, ఏ చేప?" అన్నారు. ఆ రోజు నుంచి కంద తెస్తే కిలోకి తగ్గకుండా తేవాల్సొస్తోంది.

ఇంకో మాట, వారంలో కొన్ని పూటల వంట మొత్తం ఇంటికి మీరే చెయ్యండి. నేను రాత్రిపూట వంట తీసుకున్నా. గుత్తి వంకాయ, గోంగూర పప్పు, ఉలవచారు మీద మీగడ, పెసరట్టు, జొన్నరొట్టెలోకి పచ్చి సెనగల కూర, ఇలాంటివి పెడితే ఎవరూ "ఇది వెజ్" అని తినరు, అన్నం తింటున్నాం అనుకునే తింటారు. నాన్న మాత్రం అప్పుడప్పుడూ పప్పు కలుపుకుంటూ "దీంట్లోకి ఆమ్లెట్ ఉంటే..." అని గాల్లోకి అంటూ ఉంటారు. వేసివ్వాలా వద్దా అనేది మీ గిరిని బట్టి. నేను వేసిస్తా.

తినడం మానేస్తే సరిపోదు, లెక్క చూసుకోండి

మానేసినవాళ్ళు ఎక్కువగా చేసే తప్పు ఏంటంటే, కంచంలోంచి ముక్క తీసేసి దాని ప్లేసులో ఏమీ పెట్టరు. అన్నం, పలచటి చారు, బంగాళదుంప వేపుడు, మజ్జిగ, అయిపోయింది. నెలకి నీరసం వస్తుంది, మళ్ళీ చికెన్ దగ్గరికి వెళ్తారు. మన హైదరాబాద్‌లోనే ఉన్న జాతీయ పోషకాహార సంస్థ లెక్క ప్రకారం కిలో బరువుకి రోజుకి 0.83 గ్రాముల ప్రోటీన్, అంటే 60 కిలోల మనిషికి సుమారు 50 గ్రాములు. పొద్దున్న రెండు పెసరట్లలో 14 దాకా వస్తుంది, మధ్యాహ్నం గట్టి పప్పు, అంటే మనిషికి 40 గ్రాముల కందిపప్పు పడితే 9, ఒక పెద్ద కప్పు పెరుగులో 6, సాయంత్రం గుప్పెడు వేరుసెనగ గుళ్ళు 7, సెనగల గుగ్గిళ్ళు ఇంకో 8, గ్లాసు పాలు 6, అన్నంలోనే ఒక 10. హాయిగా 50 దాటేస్తుంది. కానీ చూశారుగా, పప్పు గట్టిగా ఉండాలి. నలుగురికి చిన్న గ్లాసుడు పప్పుతో చేసిన పప్పుచారు తాగి ప్రోటీన్ తిన్నాం అనుకోకూడదు. ఎండు మీల్ మేకర్‌లో వంద గ్రాములకి సగం ప్రోటీనే, కాబట్టి వారంలో రెండుసార్లు అది పడితే ఇంక చూసుకోనక్కర్లేదు.

ఐరన్ కోసం ఆకుకూరలు, ఉలవలు, అలసందలు, నువ్వులు తినండి, పైన నిమ్మకాయ పిండుకోండి, నిమ్మకాయ ఉంటే ఐరన్ బాగా ఒంటపడుతుంది. టీ మాత్రం అన్నం తిన్న వెంటనే వద్దు, గంట ఆగండి, టీ ఐరన్‌ని పట్టనివ్వదు. ఇది మా ఇంట్లో అమలు చెయ్యడం మాంసం మానడం కంటే కష్టమైంది.

బీ12 విషయంలో మాత్రం ఆకులూ పప్పులూ నమ్ముకోవద్దు, వాటిల్లో ఉండదు. పాలు, పెరుగు, గుడ్లలో ఉంటుంది. రోజుకి కావాల్సింది రెండు, రెండున్నర మైక్రోగ్రాములే, రోజూ అరలీటరు పాలు పెరుగు తీసుకుంటే దాదాపు సరిపోతుంది, కానీ మనం తాగేది టీలో రెండు చెంచాల పాలు. లివర్‌లో నిల్వ ఉంటుంది కాబట్టి లోటు వెంటనే తెలీదు, ఏళ్ళు పడుతుంది, అరికాళ్ళు తిమ్మిర్లు, మతిమరుపు, నీరసం అలా నెమ్మదిగా బయటపడుతుంది. పాలు కూడా మానేస్తే మాత్రం టాబ్లెట్ తప్పదు, డోసు డాక్టర్‌నడిగి వేసుకోండి. ఎలాగైనా ఏడాదికోసారి టెస్ట్ చేయించుకోండి.

పెనం, గరిటె, ఫ్రిజ్

దీన్ని మరీ పెద్దది చెయ్యొద్దు. ఒక చిన్న మూకుడు, ఒక గరిటె, ఒక డబ్బా మీకంటూ ఉంచుకోండి, గరిటె పిడికి ఎర్ర దారం కట్టండి, ఎవరికీ చెప్పక్కర్లేకుండా గుర్తుంటుంది. ఆమ్లెట్ వేసిన పెనం మీదే దోశ వేస్తారు కాబట్టి పొద్దున్న మీ దోశ ముందు వేసుకోండి, చాలు, ఇంకో పెనం కొనక్కర్లేదు. ఫ్రిజ్‌లో పచ్చిమాంసం కింది అరలో మూతపెట్టి ఉంచమనండి, ఇది మీకోసం కాదు, నీళ్ళు కారి మిగతావాటి మీద పడకుండా అందరికీ మంచిదే.

పనుల విషయం కూడా మాట్లాడుకోండి. నేను చేపలు కడగను, కానీ అంట్లు ఎవరు తిన్నవైనా తోముతా. దానికి బదులు కూరగాయలు తేవడం, తరగడం పూర్తిగా నాదే. చేతులు దులుపుకుని వెళ్ళిపోతే మాత్రం ఎవరికైనా మండుతుంది.

కనపడకుండా దాక్కున్నవి

కోస్తా వాళ్ళకి ఇది బాగా అర్థమవుతుంది, ఎండురొయ్యలు. బీరకాయలో, సొరకాయలో, వంకాయలో, గోంగూరలో, చింతచిగురులో, కూరగాయ కూర అని పేరుకే, లోపల గుప్పెడు ఎండురొయ్యపప్పు. వేసినవాళ్ళకి కూడా అది నాన్‌వెజ్ అన్న స్పృహ ఉండదు, ఉప్పూ కారం లాగ వేస్తారంతే. మా పెద్దమ్మ గారింట్లో బీరకాయ కూర సగం తిన్నాక నాకు పంటికింద తగిలింది. "అయ్యో, రెండే వేశానే!" అంది ఆవిడ. ఏం చేస్తారు, నవ్వి పక్కకి పెట్టి పెరుగన్నం తిన్నా. అందుకే "వెజ్ కూరేనా?" అని అడక్కండి, "రొయ్యపప్పు వేశారా?" అని పేరుపెట్టి అడగండి.

హోటల్లో కుష్కా అంటే చాలాచోట్ల ముక్కలు లేని చికెన్ బిర్యానీ అన్నమే, వెజ్ కాదు. వెజ్ బిర్యానీతో ఇచ్చే షేర్వా కూడా ఒకసారి అడగండి. మయోనైజ్ మామూలుగా గుడ్డుతో చేసేదే, తెలంగాణలో పచ్చిగుడ్డు మయోనైజ్‌ని 2024 అక్టోబర్ చివర్లో ఏడాదిపాటు బ్యాన్ చేశాక గుడ్డు లేని రకం ఎక్కువ కనపడుతోంది కానీ అడిగి తినడమే మంచిది. ప్యాకెట్ల మీద పచ్చ చుక్క ఉంటే వెజ్, గోధుమరంగు త్రికోణం ఉంటే నాన్‌వెజ్. మందుల క్యాప్సూల్స్‌కి పైతొడుగు చాలావాటికి జెలటిన్, అది జంతువుల తోలు, ఎముకల నుంచి వచ్చేదే, టాబ్లెట్ రూపంలో ఉందేమో అడగండి, లేకపోతే వేసుకోండి, జబ్బు దగ్గర పంతాలొద్దు.

చుట్టాలింటికి వెళ్ళేటప్పుడు

అన్నిటికంటే కష్టం ఇదే. మీరొస్తున్నారని పిన్ని పొద్దున్నే నాటుకోడి కోయించి ఉంచుతుంది, మీరు వెళ్ళి కూర్చున్నాక "నేను మానేశా పిన్నీ" అంటే ఆవిడ మొహం చూడలేరు. రెండు రోజుల ముందే ఫోన్ చెయ్యండి, అమ్మతో చెప్పించొద్దు, మీరే చెయ్యండి. "ఏదైనా పర్లేదు పిన్నీ" అని అస్సలు అనొద్దు, అలా అంటే ఆవిడకి ఏం వండాలో తోచక పనీర్ కోసం టౌన్‌కి మనిషిని పంపిస్తుంది. పేరు చెప్పి అడగండి. "నీ చేతి ముద్దపప్పు, కొత్తావకాయ, గుమ్మడికాయ వడియాలు కావాలి పిన్నీ" అనండి. అడిగి వండించుకున్నట్టు ఉంటుంది, ఆవిడకీ ఆనందమే.

కనుమ రోజు మా ఇంట్లో గారెలు, నాటుకోడి. కనుమ నాడు మినుము తినాలని ఎలాగూ సామెత ఉంది కాబట్టి గారెలు నావి, కోడి వాళ్ళది. నా గారెల్లోకి అల్లం పచ్చడి నేను ముందురోజే నూరి పెట్టుకుంటా. మృగశిర కార్తె రోజు చేప తినకపోతే ఎలాగ అని ఎవరైనా అంటే ఇంగువ బెల్లం ఉండ చేసుకోండి, అది కూడా ఆ రోజు తినేదే.

పెళ్ళి చూపుల విషయం ఒక్క లైన్‌లో చెప్తా, ముందే చెప్పండి. అవతలివాళ్ళు "ఆ, పెళ్ళయ్యాక అదే అలవాటవుతుందిలే" అన్నారంటే అది మీకు ఒక సమాచారం.

నోరూరితే?

ఊరుతుంది. ఊరదని చెప్పేవాళ్ళని నమ్మకండి. మానేసి ఇన్నేళ్ళయినా వేపుడు వాసనకి నాకు కడుపులో ఏదో అవుతుంది. ఎప్పుడైనా పొరపాటునో, కావాలనో తినేస్తే, తిన్నా అని ఒప్పేసుకుని తర్వాతి పూట నుంచి మళ్ళీ మామూలుగా మొదలెట్టండి, "ఎలాగూ పోయిందిగా" అని ఆ వారమంతా లాగించడమే అసలు ప్రమాదం. ఆకలి మీద ఉన్నప్పుడు ఆదివారం వంటింట్లోకి వెళ్ళకండి, పది గంటలకే ఏదో ఒకటి తినేసి ఉండండి.

నాకు ఇప్పటికీ గండం జూలై, ఆగస్టు. గోదావరికి ఎర్రనీళ్ళు రాగానే పులస వస్తుంది. పుస్తెలమ్మైనా పులస తినాలనే జిల్లా మాది, నాన్న ఎంత రేటున్నా ఏడాదికి ఒక్కటైనా తెస్తారు, అమ్మ ముందురోజే వండి మట్టిదాకలో ఉంచుతుంది, మర్నాడు బెండకాయలు కూడా ఆ పులుసులోనే తేలుతూ ఉంటాయి, మూత తీస్తే వీధి చివరికి తెలుస్తుంది. ఆ రోజు నేను ధైర్యాలేమీ పెట్టుకోను, పొద్దున్నే బండి తీసుకుని భీమవరంలో ఫ్రెండ్ వాళ్ళింటికి వెళ్ళిపోతా. వాళ్ళమ్మ గారు ఆ పూటకి నాకోసం పనసపొట్టు కూర చేసి ఉంచుతారు, ఆవపెట్టి. సాయంత్రం, ఆ మట్టిదాక కడిగేశారని తమ్ముడు మెసేజ్ పెట్టాకే ఇంటికి బయల్దేరతా.